కొత్త హాకీ కోచ్‌కి ఎంత టైం ఇవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

డెన్వర్ పక్కన అరోరాలో మా ఇల్లు. వీకెండ్ భోజనానికి ఎవరొచ్చినా, టీవీలో ఐస్ హాకీ నడుస్తుంటే అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. కొత్తల్లో నేనూ ఇవే అడిగాను. నేను ఇక్కడి టీం కొలరాడో అవలాంచ్ అభిమానిని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎక్కడైనా పక్షపాతం కనిపిస్తే సర్దుకోండి.

ఇది మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీయేనా?

కాదు. ఇది ఐస్ మీద స్కేట్లు కట్టుకుని ఆడేది. బంతి ఉండదు, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఐస్ హాకీ పెద్ద లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో అమెరికా, కెనడా కలిపి 32 టీములు. కింద వచ్చే లెక్కలన్నీ ఒక్కో టీం 82 మ్యాచ్‌లు ఆడిన సీజన్లవి. గెలిస్తే 2 పాయింట్లు, ఓవర్‌టైంలో ఓడితే 1. పదహారు టీములు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి, చివరికి మిగిలిన టీంకి స్టాన్లీ కప్. ఈ పేజీ అర్థం కావడానికి ఇంత తెలిస్తే చాలు.

బెంచీ వెనక సూటు వేసుకుని నిలబడే ఆయన నిజంగా చేసేదేంటి?

2017 ఫిబ్రవరిలో మా నాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "అందరూ చెమటలు కక్కుతుంటే ఈయన చూయింగ్ గమ్ నములుతూ నిలబడ్డాడేంట్రా?"

మ్యాచ్‌కి ఇరవై మంది రెడీ అవుతారు. పన్నెండు మంది ఫార్వర్డులు, ఆరుగురు డిఫెన్స్, ఇద్దరు గోలీలు (గోల్ కీపర్లు). ఫార్వర్డులు ముగ్గురేసి ఒక లైను, డిఫెన్స్ ఇద్దరేసి ఒక జత. ఒక్కొక్కరు ఐస్ మీద ఉండేది ముప్పావు నిమిషం, మహా అయితే నిమిషం. ఆట ఆగకుండానే ఒక లైను దూకుతుంది, ఇంకో లైను బెంచీ ఎక్కుతుంది. ఎదుటివాళ్ళ స్టార్ దిగినప్పుడు మనవైపు ఎవరు దిగాలి, ఎవరు అలిసిపోయారు, ఇవన్నీ ఆ చూయింగ్ గమ్ నమిలేలోపే తేల్చాలి.

ఇది పైకి కనిపించే పని. అసలు పని ప్రాక్టీసులో, వీడియో గదిలో ఉంటుంది. ఉదాహరణకి, ఒక టీం ఇన్నాళ్ళూ సొంత గోల్ దగ్గర ఎవరి జాగా వాళ్ళు కాపాడుకునే పద్ధతిలో ఆడిందనుకోండి. కొత్త కోచ్ వచ్చి "జాగా కాదు, మనిషిని పట్టుకోండి" అన్నాడు. మొదటి రెండు నెలలు ఏమవుతుందంటే, అలవాటు కొద్దీ ఇద్దరు ఒకే ఆటగాడి వెంట పడతారు, గోల్ ముందు ఇంకొకడు ఒంటరిగా దొరుకుతాడు. పక్ వాడి స్టిక్ మీదకి వస్తుంది, గోల్ లైటు వెలుగుతుంది. టీవీలో చూసేవాళ్ళకి "డిఫెన్స్ చెత్త" అనిపిస్తుంది. నిజానికి ఆ ఇద్దరూ పాత పాఠం మరిచిపోలేదు, కొత్త పాఠం ఇంకా ఒంటపట్టలేదు. మరి ప్రాక్టీసుకి టైం ఎక్కడిది? సెప్టెంబరులో రెండు మూడు వారాల క్యాంపు, ఆ తర్వాత దాదాపు రోజు విడిచి రోజు మ్యాచ్. మధ్యలో విమానాలు.

టీం ఓడితే ఆటగాళ్ళని వదిలేసి కోచ్‌నే ఎందుకు పంపిస్తారు?

అదే సులువు కాబట్టి. ఆటగాళ్ళ జీతాలకి శాలరీ క్యాప్ ఉంది. 2024-25లో టీంకి 8.8 కోట్ల డాలర్లు, అంతకు మించకూడదు. ఒకణ్ణి వదిలించుకోవాలంటే అతని కాంట్రాక్టు మోయడానికి ఇంకో టీం ఒప్పుకోవాలి. కోచ్ జీతం ఆ క్యాప్‌లోకి రాదు. పంపించేసినా మిగిలిన కాంట్రాక్టు డబ్బు ఓనరు జేబులోంచి ఇస్తే సరిపోతుంది. సీజన్ మధ్యలో ఇరవై మందిని మార్చలేరు, ఒక్కణ్ణి మార్చగలరు. అభిమానులకి కూడా "ఏదో చేశారు" అనిపిస్తుంది.

జనరల్ మేనేజర్‌కి ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. ఆ టీంని కట్టింది ఆయనే. కోచ్‌ని పంపిస్తే తప్పు ఎవరిదన్న ప్రశ్న ఇంకో ఏడాది వాయిదా పడుతుంది.

కానీ కోచ్‌ని మార్చగానే టీములు గెలుస్తున్నాయిగా?

కొత్త ఒక వింత, పాత ఒక రోత. కొత్తాయన వచ్చిన మొదటి వారం అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడతారు. పైగా కోచ్‌ని మార్చేది వరసగా ఓడుతున్నప్పుడే. ఎలాగూ అంతకంటే కిందకి పోవడం కష్టం, కాబట్టి కాస్త పైకి లేస్తే ఆ పేరు కొత్తాయనకి వస్తుంది.

అందరూ చెప్పే ఉదాహరణ సెయింట్ లూయిస్ బ్లూస్. 2018 నవంబరులో మైక్ యోని తీసేసి క్రెయిగ్ బెరూబీని పెట్టారు, 2019లో స్టాన్లీ కప్ గెలిచారు. చూశారా, మారిస్తే కప్పు వచ్చింది అంటారు. సరే, కానీ 2019 జనవరి 3న ఆ టీం ఎక్కడుందో చూడండి. లీగ్ మొత్తంలో చిట్టచివర. బెరూబీ వచ్చి అప్పటికి ఆరు వారాలు. ఆయన్నీ అదే ఊపులో పంపించి ఉంటే కప్పు కథే లేదు. జనవరి 7న జోర్డన్ బినింగ్టన్ అనే కుర్ర గోలీకి మొదటిసారి మ్యాచ్ ఆసాంతం గోల్ కాయమని అప్పగించారు. ఆ తర్వాత బండి పట్టాలెక్కింది.

మైక్ సలివన్ కూడా అంతే. 2015 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌కి వచ్చి మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడాడు. తర్వాత 2016, 2017 రెండేళ్ళూ కప్పు ఆయనదే.

మొదటి సీజనే ఘోరంగా పోయినవాణ్ణి ఉంచిన టీం ఏదైనా ఉందా?

మా టీమే. ఈ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చున్నాను.

2016 ఆగస్టులో పాట్రిక్ రువా హఠాత్తుగా కోచ్ పదవి వదిలేసి వెళ్ళిపోయాడు. క్యాంపు నెల రోజుల్లో ఉంది. జనరల్ మేనేజర్ జో సాకిక్ ఆగస్టు 25న జారెడ్ బెడ్నార్‌ని తెచ్చాడు. ఆయన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు, కోచ్‌గానూ పని చేయలేదు. కింది లీగుల మనిషి. 2009లో ఈసీహెచ్‌ఎల్‌లో సౌత్ కెరొలైనాతో, 2016లో ఏహెచ్‌ఎల్‌లో లేక్ ఎరీతో కప్పులు గెలిచాడు, అంతవరకే.

ఆ సీజన్ 22 గెలుపులు, 56 ఓటములు, ఓవర్‌టైంలో ఇంకో 4. మొత్తం 48 పాయింట్లు. 2005లో శాలరీ క్యాప్ వచ్చాక అప్పటిదాకా పూర్తి సీజన్లో అంత తక్కువ ఎవరికీ రాలేదు. డిసెంబరు 10న మాంట్రియల్‌లో 10-1 తేడాతో ఓడిన మ్యాచ్ నేను టీవీలో చూశాను. ఆరో గోల్ దాకా లెక్కపెట్టి, లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కున్నాను.

నాన్నని తీసుకెళ్ళింది ఆ సీజన్‌లోనే. మూడో పీరియడ్‌లో జనం లేచి వెళ్ళిపోతుంటే ఈ సంగతంతా చెప్పాను. ఆయన రిటైర్డ్ హెడ్‌మాస్టరు. అంతా విని, "సెప్టెంబరులో చేరిన లెక్కల మాస్టారిని మార్చిలో టెన్త్ రిజల్టు అడుగుతారా? జూన్ నుంచీ చెప్పనివ్వాలి కదా" అన్నారు. పక్క సీటాయనకి తెలుగు రాదు గానీ, నాన్న చెయ్యి తిప్పిన తీరు చూసి తల ఊపాడు.

సాకిక్ బెడ్నార్‌ని ఉంచాడు. ఉంచి ఊరుకోలేదు, అది ముఖ్యం. గోలీ వర్లామోవ్‌కి ఆ జనవరిలో తుంటి ఆపరేషన్ అయింది, కోలుకునే టైం ఇచ్చారు. కొత్త కుర్రాళ్ళని టీములు వరసగా ఎంచుకునేదాన్ని డ్రాఫ్ట్ అంటారు, ఆ వరస తేల్చే లాటరీలో మొదటి నంబరు వస్తుందనుకుంటే నాలుగోది వచ్చింది. ఊరంతా నెత్తి బాదుకుంది. ఆ నాలుగో నంబరులో కేల్ మకార్ దొరికాడు. 2017 నవంబరులో మాట్ డుషేన్‌ని మూడు టీముల ట్రేడ్‌లో పంపించి సామ్ జిరార్డ్‌ని తెచ్చారు. అదే ట్రేడ్‌లో వచ్చిన డ్రాఫ్ట్ పిక్‌తో తర్వాత బోవెన్ బైరమ్ వచ్చాడు. అదే కోచ్ కింద మా ఫార్వర్డ్ నేథన్ మెకినన్ 53 పాయింట్ల నుంచి (ఆటగాడికైతే గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపిన లెక్క) మరుసటి ఏడాది 97కి వెళ్ళాడు.

రెండో సీజన్లో టీంకి 95 పాయింట్లు. 82వ మ్యాచ్‌లో సెయింట్ లూయిస్‌ని ఓడించి ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టారు. తర్వాత 2019, 2020, 2021 మూడేళ్ళూ రెండో రౌండులోనే ఆగిపోయారు. అప్పుడు కూడా "ఈయన ఇంతే, పెద్ద మ్యాచ్‌లకి పనికిరాడు" అన్నారు. నిజం చెప్పాలంటే 2021లో నేనూ అన్నాను. 2022లో కప్పు వచ్చింది. ఈసీహెచ్‌ఎల్, ఏహెచ్‌ఎల్, ఎన్‌హెచ్‌ఎల్ మూడింట్లోనూ కోచ్‌గా కప్పు గెలిచిన మొదటి మనిషి బెడ్నార్.

టీం బాగా ఆడటం లేదా, అదృష్టం బాలేదా? ఎలా తెలుస్తుంది?

ముందు గోలీని చూడండి. చిన్న లెక్క. ఒక టీం మీద మ్యాచ్‌కి 30 షాట్లు వస్తాయనుకుందాం. 82 మ్యాచ్‌లకి 2,460. గోలీ వందకి 91 ఆపితే ఒక సంగతి, 89 ఆపితే ఇంకో సంగతి. తేడా రెండే. కానీ సీజన్ మొత్తానికి అది 49 గోల్స్. హాకీ లెక్కల వాళ్ళు సుమారుగా ఆరు గోల్స్‌కి ఒక గెలుపు అంటారు. అంటే ఎనిమిది గెలుపులు, పదహారు పాయింట్లు. ప్లేఆఫ్స్‌కి వెళ్ళే టీంకీ ఇంటికి వెళ్ళే టీంకీ మధ్య చాలాసార్లు అంత తేడా కూడా ఉండదు.

కోచ్ గోలీ చేత షాట్లు ఆపించలేడు. తేలిక షాట్లు మాత్రమే వచ్చేలా చూడగలడు. అందుకే "ఎన్ని గోల్స్ ఇచ్చారు" కంటే "ఎదుటివాళ్ళకి గోల్ ముందు ఎన్ని మంచి అవకాశాలు ఇచ్చారు" అన్నది కోచ్ పనితీరుని బాగా చూపిస్తుంది. ఇది నవంబరు నుంచి మార్చికి తగ్గుతూ వస్తే, స్కోరు ఎలా ఉన్నా పాఠం ఎక్కుతున్నట్టే.

ప్రొఫెషనల్ కోచింగ్ అనుభవమే లేనివాణ్ణి నేరుగా తెచ్చి పెట్టొచ్చా?

మాంట్రియల్ పెట్టింది. మార్టిన్ సెయింట్ లూయీ ఆటగాడిగా హాల్ ఆఫ్ ఫేమ్ మనిషే, కానీ 2022 ఫిబ్రవరిలో పిలుపు వచ్చేసరికి కోచ్‌గా చేసిందల్లా తన పిల్లల టీములకి నేర్పడమే. (సెయింట్ లూయిస్ వేరే ఊరు, ఈయన మనిషి. మా ఇంట్లో ఈ గందరగోళం ఇప్పటికీ తీరలేదు.) ఆయన ముందు కోచ్ డొమినిక్ డుషార్మ్ 2021 వేసవిలో టీంని ఫైనల్‌కి తీసుకెళ్ళాడు, ఏడు నెలలకే పోయాడు. అదీ ఈ ఉద్యోగం తీరు.

కోల్ కాఫీల్డ్ అనే కుర్రాడు ఆ సీజన్లో పాత కోచ్ కింద 30 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్క గోల్ కొట్టాడు. సెయింట్ లూయీ వచ్చాక 37 మ్యాచ్‌ల్లో 22. టీం మాత్రం అడుగునే ఉంది. పాయింట్లు చూడండి: 55, 68, 76, 91. నాలుగు సీజన్లు, ప్రతి ఏడూ మెట్టు పైకే. 2024 నవంబరులో మళ్ళీ వరస ఓటములు వచ్చినప్పుడు "పిల్లల కోచ్" అన్న వెక్కిరింతలు మొదలయ్యాయి. మేనేజ్‌మెంట్ కదల్లేదు. ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో కరొలైనాని ఓడించి ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు.

ఇక్కడ ఒక మాట. మాంట్రియల్ ముందే "మేం టీంని మళ్ళీ కడుతున్నాం, టైం పడుతుంది" అని బయటికి చెప్పింది. చెప్పాక దానికి కట్టుబడింది. చాలా టీములు మొదటిది చేస్తాయి, రెండోది చేయవు.

ఐదేళ్ళు ప్లేఆఫ్స్ లేకపోయినా ఉంచిన వాళ్ళున్నారా?

నాష్‌విల్. 1998లో కొత్తగా పుట్టిన టీం, మొదటి కోచ్ బ్యారీ ట్రాట్జ్. మొదటి ఐదు సీజన్లూ ప్లేఆఫ్స్ లేవు. 2004లో వెళ్ళారు. 2014 దాకా ఆయనే ఉన్నాడు. కప్పు మాత్రం అక్కడ రాలేదు, 2018లో వాషింగ్టన్‌తో గెలిచాడు. అంటే నాష్‌విల్ పెంచిన చెట్టు కాయలు వాషింగ్టన్ కోసుకుంది. ఓపికకి ఇలాంటి నష్టాలూ ఉంటాయి.

ఓపిక పట్టకపోవడమే మంచిదైన సందర్భాలు లేవా?

ఉన్నాయి, దాచను. 2021-22లో ఆండ్రూ బ్రూనెట్ ఫ్లోరిడాకి సీజన్ మొదట్లోనే తాత్కాలికంగా వచ్చాడు. ఆ సీజన్ ముగిసేసరికి టీంకి 122 పాయింట్లు, లీగ్‌లో మొదటి స్థానం. ప్లేఆఫ్స్ రెండో రౌండులో టాంపా చేతిలో నాలుగు మ్యాచ్‌లకి నాలుగూ ఓడారు. ఆయన్ని కొనసాగించలేదు. అన్యాయం అనుకున్నాను. వాళ్ళు తెచ్చిన పాల్ మారీస్ 2024, 2025 రెండేళ్ళూ కప్పు గెలిచాడు. ఇంక నేనేం మాట్లాడను?

సెయింట్ లూయిస్‌లో డ్రూ బానిస్టర్‌ది ఇంకా చిన్న కథ. పూర్తికాలపు కోచ్‌గా మొదటి సీజన్, 22 మ్యాచ్‌లు కాగానే 2024 నవంబరులో పంపించేశారు. కారణం ఆయన కాదు. బోస్టన్ అప్పుడే జిమ్ మాంట్‌గమరీని వదిలేసింది, వీళ్ళు ఐదు రోజుల్లో ఎత్తుకొచ్చారు. ఆ వసంతంలో వరసగా 12 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు. గెలిచారు కాబట్టి ఎవరూ అడగలేదు గానీ, 22 మ్యాచ్‌ల్లో బానిస్టర్ ఎలాంటి కోచో ఎవరికి తెలిసింది?

కోచ్‌లని మారుస్తూ పోతే అసలు నష్టం ఎవరికి?

కుర్రాళ్ళకి. ఎడ్మంటన్ 2010, 2011, 2012 మూడేళ్ళూ వరసగా డ్రాఫ్ట్‌లో మొదటి నంబరు తీసుకుంది. అందులో మొదటివాడు టేలర్ హాల్. అక్కడ ఆడిన ఆరు సీజన్లలో రెన్నీ, క్రూగర్, ఈకిన్స్, నెల్సన్, మెక్‌లెల్లన్ అని ఐదుగురు కోచ్‌లని చూశాడు. పద్దెనిమిదేళ్ళకి వచ్చినవాడు ఇరవై నాలుగు దాటేలోపు ఐదు రకాల పాఠాలు. ఒక్కసారీ ప్లేఆఫ్స్ లేవు. ఏటా మాస్టారు మారే బళ్ళో పిల్లలు చేతిరాత మార్చుకోవడంతోనే సరిపోతుంది.

సరే, సూటిగా చెప్పండి. ఎంత టైం?

రెండు క్యాంపులు. అంటే కొత్త కోచ్ తన చేత్తో రెండు సెప్టెంబర్లు మొదలుపెట్టాలి, రెండో సీజన్ జనవరి దాకా ఆగాలి. సీజన్ మధ్యలో వచ్చినవాడికి ఆ సగం సీజన్ లెక్కలోకి రాకూడదు. ఇది నా అభిప్రాయం, రూలేమీ కాదు.

దీనికి ఒక షరతు ఉంది. ఆ టైంలో పైవాళ్ళు కూడా పని చేయాలి. గోలీ లేని టీంని చేతికిచ్చి రెండేళ్ళు "ఓపిక పట్టాం" అంటే అది ఓపిక కాదు, సోమరితనం. టాంపాని చూడండి. 2019లో 62 గెలుపులు, 128 పాయింట్లు, అయినా మొదటి రౌండులో కొలంబస్ చేతిలో నాలుగూ ఓడిపోయింది. జాన్ కూపర్ కొత్తవాడు కాదు, 2013 నుంచి ఉన్నాడు, అయినా ఊరంతా తీసేయమంది. తీయలేదు. కోల్మన్, గుడ్రో లాంటి గట్టివాళ్ళని తెచ్చి ఇచ్చారు. 2020, 2021 కప్పులు వాళ్ళవే.

మరి ఎప్పుడు పంపించేయాలి?

ఆటగాళ్ళు మాట వినడం మానేసినప్పుడు. ఇది స్కోరులో కనిపించదు, బెంచీలో కనిపిస్తుంది. పక్ పోగొట్టుకున్న ఫార్వర్డ్ వెనక్కి పరిగెత్తకుండా తేలుతూ వస్తాడు. ఐస్ మీద ఒక్కో షిఫ్టు నిమిషంన్నర దాకా సాగుతుంది, పిలిచినా బెంచీకి రాడు. కోచ్ టైమౌట్ తీసుకుంటే సగం మంది పైన వేలాడే పెద్ద స్క్రీన్ చూస్తుంటారు. ఇవి రెండు మూడు వారాలు వరసగా కనిపిస్తే ఇంక కాలెండరు చూడనక్కర్లేదు, మొదటి సీజనైనా సరే.

మన ఇండియా హాకీ టీంకి ఇది వర్తిస్తుందా?

ఆట వేరు, జబ్బు ఒకటే. పురుషుల టీంకి 2009లో స్పెయిన్ మనిషి బ్రాసా, 2011లో నాబ్స్, 2013లో టెర్రీ వాల్ష్. వాల్ష్ 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల బంగారం తెచ్చి, రెండు నెలలు తిరగకుండా వెళ్ళిపోయాడు. 2015లో పాల్ వాన్ ఆస్ ఆరు నెలలు. తర్వాత ఓల్ట్‌మన్స్ రెండేళ్ళు, మరైన్ ఎనిమిది నెలలు, హరేంద్ర సింగ్ ఎనిమిది నెలలు. హరేంద్ర టీం 2018 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-1తో ఓడింది, ఆయన పని అయిపోయింది.

2019లో వచ్చిన గ్రాహం రీడ్‌కి టోక్యో దాకా టైం దొరికింది. అక్కడ లీగ్ దశలో ఆస్ట్రేలియా చేతిలో 7-1. పాత రోజుల్లో అయితే ఆ రాత్రే రభస మొదలయ్యేది. పదకొండు రోజులు తిరిగేసరికి జర్మనీ మీద 5-4, 41 ఏళ్ళ తర్వాత ఒలింపిక్ పతకం. ఆయన తర్వాత వచ్చిన క్రెయిగ్ ఫుల్టన్ 2024 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలో ఐదు టెస్టులూ ఓడాడు. నాలుగు నెలల తర్వాత పారిస్‌లో అదే ఆస్ట్రేలియాని లీగ్ దశలో ఓడించాడు, చివరికి కంచు తెచ్చాడు.

ఓడిపోయే టీం మ్యాచ్‌కి డబ్బు పెట్టి వెళ్ళడం ఎందుకు?

టికెట్ చవక. 2016-17లో మేం వెళ్ళినన్ని మ్యాచ్‌లు కప్పు గెలిచిన ఏడాది వెళ్ళలేకపోయాం, రేట్లు అలా పెరిగాయి. కొత్త కోచ్ టీం చూడాలంటే ఖరీదైన కింది సీట్లు వద్దు, పైవరస తీసుకోండి. లైన్లు ఎలా కదులుతున్నాయో, ఎవరు ఎవరి వెనక పడుతున్నారో పైనుంచే బాగా తెలుస్తుంది. లోపల చలి ఉంటుంది, పిల్లలకి జాకెట్ మర్చిపోకండి. నాన్న మాత్రం మంకీ క్యాప్‌లో వచ్చారు, స్క్రీన్ మీద రెండు సెకన్లు చూపించారు కూడా.